సరైన చప్పుడు

ఇల్లంటుకున్నాక బావి తవ్వమన్నారు నన్ను.
పలుగేదీ అని అడిగితే
పదకొండు రోజులున్నాయిగా అన్నారు.

సైన్యం వదిలాక బళ్లో వడ్రంగం చెప్పుకునేవాణ్ణి.
నాలుగు కాళ్లూ నేలకానే స్టూలొకటి
సొంతంగా చెయ్యడం నేర్పడానికి
నాకు ఏడాది పట్టేది.

సెలెంగా నది మీద మంచు ఇంకా గట్టిపడలేదు.
బస్సుల్లోంచి నూట నలభై మంది దిగారు,
అర్ధరాత్రి తలుపు తట్టి లేపుకొచ్చిన ముఖాలతో.
దుగర్ బేకరీలోంచి నేరుగా వచ్చేశాడు, చెవి వెనక పిండి.
ఒకాయనకు నలభై ఆరేళ్లు,
బస్సు మెట్టు దిగడానికే మోకాలిని చేత్తో పట్టుకున్నాడు.
నా దగ్గర స్టూలు సగంలో వదిలేసిన జొరిగ్తో
"సార్, మీరా!" అన్నాడు,
సంతలో కనబడ్డంత సంబరంగా.

తుపాకుల నిండా గడ్డకట్టిన గ్రీజు.
గోకితే అడుగున సంవత్సరం కనిపించింది,
నేను పుట్టడానికి రెండేళ్ల ముందుది.
తలకు ఆరు తూటాలు లెక్కపెట్టి ఇచ్చి
సంతకం చేయించుకున్నాను.
ఆరింటితో గురి కుదరదు.
భుజం ఎక్కడ నొప్పెడుతుందో తెలుస్తుంది, అంతే.

రక్తం ఆపే పట్టీలు మూడొచ్చాయి.
మొదటిది బిగిస్తుండగానే పుటుక్కుమంది.
మిగతా రెండూ దూరం నుంచి చూపించి
అందరి నడుం బెల్టులూ విప్పించాను.
ఒక చేత్తో పంట్లాం పట్టుకుని
ఇంకో చేత్తో తొడ బిగించుకుంటూ
నూట నలభై మంది, మంచుగాలిలో,
రాని నెత్తుటిని ఆపారు.

పాఠాల పట్టికలో ఆకాశానికి అరగంట.
డ్రోన్ ఒక్కటైనా ఇప్పించండన్నాను.
ఉన్నవన్నీ అక్కడే ఉన్నాయన్నారు.
కర్రకు చేతి తొడుగు కట్టి
వరసల మీదుగా ఊపుకుంటూ పరిగెత్తాను,
నోటితో జుమ్మని చప్పుడు చేస్తూ,
యాభై ఏడేళ్ల ముసలి తుమ్మెదను.
నవ్వారు.
అన్ని రోజుల్లోనూ అందరూ కలిసి నవ్వింది అప్పుడే.
ఆపబుద్ధి కాక ఇంకో రెండు చుట్లు తిరిగాను.

సొల్బోన్ ఒక్కడు నవ్వలేదు. గొర్రెల కాపరి.
"గద్దొస్తే గొర్రెపిల్ల పైకి చూడదు సార్.
గడ్డి మీద నీడ జరుగుతుంది కదా,
అది చూసి అతుక్కుపోతుంది నేలకి" అన్నాడు.
ఆ మాట మర్నాటి పాఠంలో పెట్టాను.
నేను చెప్పినవాటిలో పనికొచ్చేది అదొక్కటే అనుకున్నాను.
రాత్రిపూట నీడ పడదని
నాకూ తోచలేదు, వాడికీ తోచలేదు.

పన్నెండో రోజు రైలు.
పాలటీ పట్టుకొచ్చిన ఒక ముసలమ్మ
గరిటెతో రైలు చక్రాల మీద చిలకరించింది.
దారి మీద చిలకరించడం మా ఆచారం,
చక్రాల మీద ఎవరూ చెయ్యగా చూడలేదు.

ఐదు వారాలకు ఫోన్. దుగర్.
ఏదో ఆసుపత్రి, ఊరి పేరు చెప్పనివ్వరట.
చెయ్యి పోయిందన్నాడు. పిండి కలిపే చెయ్యేనా అని
అడగలేకపోయాను.
సొల్బోన్ మాట నేనెత్తకముందే
"పడుకునే ఉన్నాడు సార్, మనం నేర్చుకున్నట్టే,
బోర్లా, కదలకుండా" అన్నాడు.
కాసేపాగి,
"మీరు చేసిన చప్పుడు తప్పు సార్."

మరెలా ఉంటుందో చెయ్యమన్నాను.
చేశాడు.
పళ్ల సందుల్లోంచి, సన్నగా, పైపైకి,
చెక్కలో దాక్కున్న మేకు
రంపానికి తగిలినప్పటి కీచులా.
చేస్తూనే ఉన్నాడు. చాలన్నాను. చాలు బాబూ.
ఎవరో నర్సు ఫోన్ లాక్కుంది.

ఎల్లుండి మళ్లీ బస్సులొస్తాయి.
ఈసారి తొమ్మిది రోజులు.
వంటింటి తలుపు మూసుకుని సాధన చేస్తున్నాను.
మొన్న మా ఆవిడ గోడ అవతలి నుంచి
ఏమిటా పాడు కూత అంది. నిన్న ఏమీ అనలేదు.
ఇవాళ, పొయ్యి దగ్గర నిద్రపోతున్న కుక్క లేచి
నా వంక చూడకుండా
బల్ల కిందికి దూరింది.

కుదిరినట్టుంది.